పదిమందిలో ఒకరు: మన దేశపు యూదు పెద్దల సమాజ జీవితం



ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్రాయమని అడిగితే మన రావులపాలెం వాళ్ళం సాధారణంగా కాటన్ దొరగారి ఆనకట్టనో, గౌతమి మీది వంతెననో పట్టుకుంటాం. వాటి గురించి మనకు తెలిసినవారు చాలామందే ఉన్నారు. ఈసారి మనకు అంతగా పరిచయం లేని ఒక చిన్న సమాజం గురించి, ముఖ్యంగా అందులోని వృద్ధుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. చివరికి అది మన సంగతే అవుతుందని నా నమ్మకం.

మన సర్వసభ్య సమావేశాలు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. ఉదయం పది గంటలకని కాగితంలో ఉంటుంది. పదిన్నరకు చూస్తే కుర్చీలు ఎక్కువ, మనుషులు తక్కువ. కార్యదర్శిగారు లేచి, కోరం లేనందున సమావేశం వాయిదా పడినదని, అరగంట తరువాత ఇదే స్థలంలో తిరిగి జరుగునని చదువుతారు. ఆ అరగంటలో టీ త్రాగి, వచ్చినవారితోనే తీర్మానాలు ప్యాసు చేసుకుంటాం. నియమావళి ఒప్పుకుంటుంది కనుక తప్పు కాదు. కాని రానివారు ఎందుకు రాలేదో అడిగేవారు ఉండరు.

యూదులకు కూడా ఒక కోరం ఉన్నది. దానిని మిన్యాన్ అంటారు. సామూహిక ప్రార్థన పూర్తిగా జరగాలంటే పదమూడేళ్ళు నిండిన మగవారు పదిమంది ఉండాలి. తొమ్మండుగురు ఎంత పండితులైనా చాలదు. పదోవాడు ఎంత సామాన్యుడైనా సరిపోతాడు. అరగంట వాయిదా వేసి తొమ్మండుగురితో కానిచ్చే వెసులుబాటు లేదు. ఇంకొక విశేషం గమనించండి. ఈ లెక్కకు క్రింది వయసు ఉన్నది గాని పై వయసు లేదు. ఎనభై ఏళ్ళవాడైనా, చేతికర్రతో వచ్చినవాడైనా పదిమందిలో ఒకడే. యాభై ఎనిమిదికో అరవైకో ఆ లెక్కలోంచి తీసివేయడం అనేది వారి ధర్మంలో లేదు.

ఈ పదిమంది అవసరం మరణ సమయంలో మరీ బాగా తెలుస్తుంది. తల్లిదండ్రులు పోతే కొడుకు పదకొండు నెలలపాటు కద్దిష్ అనే ప్రార్థన చెప్పాలి. అది ఒంటరిగా చెప్పేది కాదు, పదిమంది సమక్షంలోనే చెప్పాలి. దుఃఖంలో ఉన్న ఇంటివారు ఏడు రోజులు గడప దాటరు. ఖననం తరువాత మొదటి భోజనం ఇరుగుపొరుగువారే తెచ్చిపెడతారు. ప్రార్థనకు పదిమంది ఆ ఇంటికే వస్తారు. పదిమందితో చావు పెళ్ళితో సమానం అని మన పెద్దలు అన్న మాట వారి ఆచారంలోనూ కనిపిస్తుంది.

మన దేశానికి యూదులు ఒక్కసారిగా, ఒక్క చోటికి వచ్చినవారు కారు. కొచ్చి ప్రాంతపు యూదులు మలయాళం మాట్లాడేవారు. కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ వారి భాష మరాఠీ. వారు గానుగ ఆడించి నూనె తీసేవారు. శనివారం గానుగ త్రిప్పేవారు కారు గనుక చుట్టుప్రక్కలవాళ్ళు వారిని శనివార్ తేలీలని పిలిచారు. తరువాత కాలంలో బాగ్దాదు నుండి వచ్చిన వర్తకులు కలకత్తా, బొంబాయి నగరాలలో స్థిరపడ్డారు. మన గోల్కొండ వజ్రాల కోసం పదిహేడవ శతాబ్దంలోనే కొందరు యూదు వర్తకులు మద్రాసు చేరారు. 1688లో ఏర్పడిన మద్రాసు కార్పొరేషన్ ఆల్డర్‌మెన్లలో వారు కూడా ఉన్నారు. మన దేశంలో యూదులను మతం పేరుతో రాజ్యం వేధించిన చరిత్ర దాదాపు లేదనే చెప్పాలి. పోర్చుగీసువారి బాధ తప్ప.

1948లో ఇజ్రాయెల్ దేశం ఏర్పడిన తరువాత వలస మొదలయింది. 1951 జనాభా లెక్కలలో మన దేశంలో సుమారు 26 వేలమంది యూదులు ఉండగా, 2011 నాటికి ఆ సంఖ్య ఐదు వేల లోపుకు వచ్చింది. పడుచువాళ్ళు వెళ్ళారు. చాలాచోట్ల పెద్దవాళ్ళు మిగిలారు. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండగా ఇంటి తాళాలు మొలకు కట్టుకొని కూర్చున్న మనబోటివారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

కొచ్చిలో మట్టాంచేరి పరదేశి సినగాగ్, అంటే యూదుల సమాజమందిరం, 1568లో కట్టినది. నేల మీద నీలం రంగు చిత్రాల చీనా పలకలు, వీధి చివర గడియారపు గోపురం ఉంటాయి. 1968లో నాలుగు వందల ఏళ్ళ ఉత్సవానికి ప్రధాని ఇందిరాగాంధీ హాజరయ్యారు. తపాలా శాఖ ఒక స్టాంపు కూడా విడుదల చేసింది. ఇక్కడ ప్రత్యేకంగా రబ్బీలనే మతాచార్యులు ఉండేవారు కారు. సమాజంలోని పెద్దలే ప్రార్థన నడిపేవారు. వలసలతో మగవారి సంఖ్య పదికి తగ్గిపోయింది. తరువాత, ఎవరైనా యూదు యాత్రికులు విదేశాల నుండి వచ్చిన రోజుననే మిన్యాన్ కుదిరేది. చూడవచ్చినవాడిని బ్రతిమాలి పదోవాడిగా నిలబెట్టుకొనే స్థితి. మందిరం చెక్కుచెదరలేదు, దీపాలు ఉన్నాయి, గ్రంథపు చుట్టలు ఉన్నాయి. లేనిది మనుషులే.

అయితే ఈ లెక్కలో మొదటి నుండి న్యాయం ఉన్నదని అనుకోకూడదు. అదే పరదేశి సినగాగ్‌లో ఒకప్పటి బానిసల సంతతి అని చెప్పి కొన్ని యూదు కుటుంబాలను వెనుక కూర్చోబెట్టేవారు. గ్రంథపఠనానికి పిలిచేవారు కారు. ఆ కుటుంబాలలో పుట్టిన అబ్రహాం బరాక్ సలేం (1882-1967) న్యాయవాది అయి, కొచ్చి శాసనసభలో సభ్యుడై, ఈ అన్యాయం మీద గాంధీగారి పద్ధతిలో మందిరంలోనే సత్యాగ్రహం చేశారు. ఏళ్ళు పట్టినా ఒక్కొక్క హక్కే సాధించారు. యూదుల గాంధీ అని ఆయనకు పేరు వచ్చింది. డెబ్భై ఏళ్ళ వయసులో ఇజ్రాయెల్ వెళ్ళి, తనవారి వలసకు వచ్చిన చిక్కులు విడదీయడానికి పాటుపడ్డారు. తాను మాత్రం కొచ్చికి తిరిగి వచ్చి అక్కడే కన్నుమూశారు. ఉద్యోగ జీవితంలో కంటే ఆ వయసులో చేసిన పని తక్కువది కాదు.

సంప్రదాయపు పదిమంది లెక్కలో స్త్రీలు కూడా లేరు. ఈ మధ్య కాలంలో కొన్ని శాఖల యూదులు స్త్రీలను కూడా లెక్కిస్తున్నారు గాని పాత ఆచారం అది కాదు. కాని కొచ్చి యూదు స్త్రీలకు వేరొక సంపద ఉన్నది. పెళ్ళిళ్ళకు, పండుగలకు పాడే మలయాళ పాటలు. వాటిని నోటు పుస్తకాలలో వ్రాసుకొని తల్లి నుండి కూతురికి అందించుకొనేవారు. రూబీ డేనియల్ అనే ఆమె రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళపు మహిళా విభాగంలో పనిచేశారు. 1951లో ఇజ్రాయెల్ వెళ్ళి ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రంలో స్థిరపడ్డారు. ముసలితనంలో కూర్చొని ఆ పాటలను ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. ఆమె జ్ఞాపకాలు 1995లో పుస్తకంగా వచ్చాయి, అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి. అక్కడి వృద్ధ స్త్రీలు మళ్ళీ కూడి పాడుకొన్నారు, విద్వాంసులు రికార్డు చేశారు. 2004లో జెరూసలేము హీబ్రూ విశ్వవిద్యాలయంవారి సంగీత పరిశోధనా కేంద్రం ఆ పాటల సి.డి. విడుదల చేసింది. కాలక్షేపం అనుకొన్నది చరిత్ర అయింది. మన ఇళ్ళలో అమ్మమ్మలకు వచ్చిన మంగళహారతులు, అప్పగింతల పాటలు ఎన్ని నోటు పుస్తకాలకు ఎక్కాయో ఒక్కసారి ఆలోచించండి.

మట్టాంచేరిలోనే ఉండిపోయిన శారా కోహెన్ గారు ఇంటి ముందు గదిలో ఎంబ్రాయిడరీ దుకాణం పెట్టుకొని, ప్రార్థనకు ధరించే టోపీలు, బల్ల గుడ్డలు కుట్టి అమ్మేవారు. భర్త పోయిన తరువాత ఆమెను కంటికి రెప్పలా చూసుకొన్నవాడు తాహా ఇబ్రహీం అనే ముస్లిం సోదరుడు. 2019లో ఆమె 96వ ఏట కాలం చేశారు. కలకత్తాలో కూడా ఇలాంటి సంగతే. అక్కడి పెద్ద సినగాగ్‌ల తలుపులు తీసి, దీపాలు తుడిచి కాపాడుతూ వచ్చినవారు తరతరాలుగా ముస్లిం కుటుంబాలవారు. ఇంటి మనుషులు దూరమైనప్పుడు ఊరు ఇంటిదవుతుందని దీనివలన తెలుస్తున్నది.

ఇక ముంబై. యూదులు ఎక్కువగా మిగిలినది ఆ ప్రాంతంలోనే. బొంబాయిలో వారి మొదటి సినగాగ్ 1796లో వెలసింది. అమెరికాలో 1914లో పుట్టిన జాయింట్ డిస్ట్రిబ్యూషన్ కమిటీ అనే సహాయ సంస్థ 1964 నుండి మన దేశంలోనూ పనిచేస్తూ, నిరుపేద వృద్ధులకు ఆహారానికి, మందులకు తోడ్పడుతూ వచ్చింది. సామాజిక కేంద్రంలో పెద్దలు కలుసుకొంటారు, పండుగలు కలిసి చేసుకొంటారు. వారి వేడుకలలో మన కోనసీమవారికి నోరూరించేది మలీదా. అటుకులు తడిపి, కొబ్బరికోరు, పంచదార, యాలకుల పొడి కలిపి, చుట్టూ పండ్లు పెట్టి, ఏలీయా ప్రవక్తను తలచుకొని ప్రార్థన చేసి పంచుతారు. జబ్బు నయమైనా, మ్రొక్కు తీరినా, కొత్త ఇంట్లో అడుగు పెట్టినా మలీదాయే. మన అరటిపళ్ళ మార్కెట్టు, మన కొబ్బరి తోటలు గుర్తుకు రావడం లేదూ?

తెలుగు నేల మీద కూడా ఇటువంటి సమాజం ఒకటి ఉన్నది. మన ఊరి నుండి జాతీయ రహదారి పట్టుకొని తణుకు, ఏలూరు, విజయవాడ దాటి గుంటూరు చేరి, పొన్నూరు రోడ్డులో వెళితే చేబ్రోలు వస్తుంది. దానికి దగ్గరలోనిదే కొత్తరెడ్డిపాలెం. అక్కడ కొన్ని పదుల మాదిగ కుటుంబాలవారు తాము ఎఫ్రాయీము గోత్రపు యూదులమని, బెనె ఎఫ్రాయీమువారమని చెప్పుకొంటారు. యాకోబి సోదరులు ముందు నడవగా 1990 దశకం మొదట్లో ఒక సినగాగ్ కట్టుకొన్నారు. అంతకు ముందు వీరు క్రైస్తవ సంఘాలలో ఉన్నవారు. తమ మూలం గురించి వీరు చెప్పేదానికి శాసనాలు లేవు, దస్తావేజులు లేవు. ఇంటి పెద్దలు చెప్పిన మాటే ఆధారం. పండితులు ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోవచ్చు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీరిమీద 2013లో ఒక గ్రంథమే ప్రకటించారు. ఆ ఊళ్ళో ముసలివాళ్ళ జ్ఞాపకం ఒక సమాజపు దస్తావేజు అయి కూర్చున్నదన్న మాట మాత్రం నిజం. కూలి మీద బ్రతికే కుటుంబం శనివారం విశ్రాంతిదినం పాటించాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. లెక్కలోకి రావడానికి పేదవాడు చెల్లించే మూల్యం అది. వెనుక వరుసలో కూర్చోబెట్టినా లేచి నిలబడిన సలేం గారి కథకూ దీనికీ చుట్టరికం ఉన్నది.

మిత్రులారా, మనల్ని లెక్కపెట్టేది ఎవరు? ఏటా ఒకసారి ట్రెజరీవారు లెక్కపెడతారు. బ్రతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇస్తాం, వేలిముద్ర వేస్తాం. అది పింఛను కోసం, కావలసిందే. కాని మిగిలిన రోజుల మాట ఏమిటి? ఫలానావారు ఇవ్వాళ కనబడలేదేమని అడిగేవారు పదిమంది ఉన్నారా? మిన్యాన్ అనే ఆచారంలోని కీలకం అదే. ఆ మందిరంలో ఒక ముసలాయన రాకపోతే పని ఆగిపోతుంది. అందుకని ఎవరో ఒకరు ఆయన ఇంటికి వెళ్ళి తలుపు తడతారు. అవసరం కొద్దీ తట్టినా తలుపు తట్టడం తట్టడమే.

మన సంఘం కూడా ఈ పద్ధతి పెట్టుకోవచ్చునని నా సూచన. వీధివారీగా పదేసి ఇళ్ళను ఒక జట్టుగా చేసుకొందాం. వారానికి ఒక్కసారైనా ఆ పదిమంది కలవాలి. రానివారి ఇంటికి ఒకరు వెళ్ళి రావాలి. మెట్లు ఎక్కలేనివారి కోసం సమావేశం క్రింది గదిలో పెడదాం. మరొకటి. కుటుంబ పెన్షనర్లయిన అక్కగార్లను, వదినగార్లను చందా పుస్తకంలో తప్ప సమావేశంలో మనం లెక్కలోకి తీసుకోవడం లేదు. పాత ఆచారంలోని ఆ లోపం మనకెందుకు? కోరంలో వారినీ కలుపుకొంటే అరగంట వాయిదాల బాధే తప్పుతుంది.

మట్టాంచేరి మందిరంలో పదోవాడు లేక ప్రార్థన ఆగిపోయింది. మన ఊళ్ళో పదిమందీ ఉన్నారు, ఎవరి గుమ్మంలో వారు కూర్చొని ఉన్నారు. వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ పొరుగింటివారిని వెంటబెట్టుకొని రావలసిందిగా సవినయంగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి, రావులపాలెం