పెన్న సీమలో మస్జిదు, కోనేరు, పాట

కళ వేరు, సంగీతం వేరు, ప్రకృతి పరిరక్షణ వేరు అని విభజించి చూడడం ఇటీవలి అలవాటు. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల చరిత్రను పరిశీలించినచో ఈ మూడింటిని కలిపే సూత్రం ఒకటి కనిపిస్తుంది. అది నీరు. ఇక్కడి పూర్వులు కట్టిన కట్టడాలలోను, పాడుకొన్న పాటలలోను నీటి విలువ ఇమిడి ఉన్నది. ఆ సంబంధాన్ని వివరించి, నేడు అది ఏ స్థితిలో ఉన్నదో పాఠకుల దృష్టికి తెచ్చుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

నేల స్వభావం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పెన్నానది ఒడ్డున వెలసిన పట్టణాలు. పులివెందుల చిత్రావతి, పాపఘ్ని నదుల నడుమ ఉన్న మెట్టసీమ. ఆ రెండు నదులూ చివరకు పెన్నలోనే కలుస్తాయి. జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. పడమటి భాగంలో అంతకంటె తక్కువ. పెన్న ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకమేటగానే ఉంటుంది. 1876-78 నాటి ధాత కరువు ఈ సీమను ఎంతగా పీడించిందో చరిత్ర చదివినవారికి చెప్పనక్కరలేదు. ఇట్టి నేలమీద నీటిని నిలుపుకొనడం జీవన్మరణ సమస్య. కనుకనే అది ఒక విద్యగా, ఒక కళగా రూపొందింది.

ఇందుకు ప్రబలమైన సాక్ష్యం ఇదే జిల్లా ఈశాన్య భాగంలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు 1369లో దీనిని వేయించాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండు సంవత్సరాలు పనిచేయగా ఆ చెరువు పూర్తి అయినదని ఇందులో ఉన్నది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, ఉండరాని ఆరు దోషాలను ఈ శాసనం పేర్కొంటుంది. రాజ్యాలు మారినా ఈ విద్య మారలేదు. చెరువు త్రవ్వించినవారికి, మరమ్మతు చేయించేవారికి దశబంధం పేర ఇనాము భూములిచ్చే పద్ధతి ఈ సీమలో చిరకాలం సాగింది. చెరువు బాగుంటేనే ఇనాము నిలుస్తుంది గనుక కట్టను కాపాడడం ఆ కుటుంబాల బాధ్యత అయినది.

గండికోటలో నీరు

జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరాన, ఎర్రమల కొండలను పెన్న చీల్చుకొని పారే లోయ అంచున గండికోట ఉన్నది. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉన్న ఈ దుర్గాన్ని గోలకొండ కుతుబ్‌షాహీల సేనాని మీర్‌జుమ్లా 1650లో వశపరచుకొన్నాడు. ఇరానులోని అర్దిస్తాన్‌లో జన్మించిన ఈయన మొదట వజ్రాల వర్తకుడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఇక్కడికి వచ్చి ఆయనను కలిసికొన్నాడు. కొండపైని సమతలంలో వరి, చిరుధాన్యాలు పండుతున్నవనీ, వాటికి ఊటనీరు ఆధారమనీ ఆ యాత్రికుడు వ్రాసిపెట్టాడు. ఎత్తయిన రాతికొండమీద వరి పండించడం సామాన్య విషయం కాదు.

కోటలోని జామె మస్జిదును చూచినవారు దాని రెండు మీనారులను, కమానులను, ఆవరణ చుట్టూ ఉన్న వసారాలను మెచ్చుకొంటారు. అయితే ఆ మస్జిదును ఒంటరిగా చూడరాదు. సమీపంలోనే కత్తుల కోనేరు ఉన్నది. ప్రక్కనే పెద్ద ధాన్యాగారం ఉన్నది. యుద్ధం ముగిసిన తరువాత కత్తులు కడిగిన చోటు గనుక కోనేటికి ఆ పేరు వచ్చినదని జనశ్రుతి. రాయలచెరువు ఊటలు తోటలను తడిపేవనీ, అక్కడి నుండి గొట్టాల ద్వారా పెన్న ఒడ్డున ఉన్న పారేబాగ్‌లోని చిమ్మనగ్రోవికి నీరు చేరేదనీ కూడా చెప్పుకొంటారు. మాధవరాయస్వామి, రంగనాథస్వామి ఆలయాలు కూడా ఈ కోటలోనే ఉన్నవి. మతాలు వేరైనా వారందరూ త్రాగినది ఆ కొండమీది నీరే. ప్రార్థనాస్థలం, ధాన్యం, నీరు ఒకే చోట అమరిన ఈ ఏర్పాటులోనే గండికోట శిల్పం యొక్క అర్థం ఉన్నది.

పాటలో దాహం

ఇక సంగీతం. గానం విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. ఇమాం గజాలీ (మరణం 1111) తన ‘ఇహ్యా’లో సమాకు ఒక అధ్యాయం కేటాయించి ఏది తగును, ఏది తగదు అని విడదీసి చర్చించారు. ఆ వాదంలోనికి ఇక్కడ ప్రవేశించడం లేదు. ప్రజాజీవితంలో పాట చేసిన పని ఏమిటన్నదే చరిత్రకారుడు చూడవలసినది.

కడప పెద్ద దర్గాలో ఉర్సు సందర్భాన ఖవ్వాలీ వినిపిస్తుంది. బ్రహ్మంగారి శిష్యుడు, ముడుమాలకు చెందిన దూదేకుల సిద్దయ్య పేర తత్వాలు ఈ జిల్లాలో హిందువులు, ముస్లిములు ఇరువురి నోటా పలుకుతాయి. అన్నింటికంటె విస్తృతమైనవి మొహర్రం పీర్ల పాటలు. హిజ్రీ 61, అనగా క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో హజ్రత్ ఇమామ్ హుసేన్ (రజి) పరివారానికి ఫురాత్ నది నీరు అందకుండా చేసిన ఘట్టం ఈ పాటలకు ప్రాణం. పసిబిడ్డల దాహాన్ని గూర్చి తెలుగులో పాడుతుంటే, కరువు ఎరిగిన రైతుకు అది పరాయి దేశపు కథగా తోచలేదు. ముస్లిముల ఇండ్లు లేని ఊళ్ళలో సైతం పీర్లను నిలుపుకొనడానికి ఇదొక కారణం కావచ్చును. దారిన పోయేవారికి షర్బతు, పానకం, మంచినీరు పోయడం ఆ దినాల ఆచారం. పులివెందులకు పొరుగున ఉన్న అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండుగను గూర్చి అఫ్సర్ మహమ్మద్ 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఒక గ్రంథమే వెలువరించారు.

పీర్ల ఆచారాలలో షరీఅతుకు సరిపడనివి ఉన్నవని అనేకులు ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణ తీవ్రమైనదే. అయినను ఆచారాన్ని విడిచినవారు దానితోపాటు దప్పికగొన్నవానికి నీరిచ్చే అలవాటును కూడా విడిచిపెట్టనక్కరలేదు. దానికి పీర్లచావడికంటె దృఢమైన పునాది ధర్మంలోనే ఉన్నది. పారే నది ఒడ్డున కూర్చుండి వుజూ చేసినా నీరు వృథా చేయరాదని దైవప్రవక్త (స) బోధించారు. మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తినగల చెట్టును నాటడం దానధర్మమని తెలిపారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని ప్రజలకు ధారపోశారు. వానలు తప్పినపుడు జమాఅతు అంతా ఊరిబయట బయలులో చేసే ఇస్తిస్ఖా నమాజు కూడా నీటిని గూర్చిన సామూహిక స్పృహయే.

మారిన కాలం

1870 దశకం నాటికి కర్నూలు-కడప కాలువ పారింది. ప్రైవేటు కంపెనీ త్రవ్విన ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొన్నది. ప్రొద్దుటూరు వైపు భూములకు అది మేలు చేసింది. పులివెందుల వైపు బోరుబావులు లోతుకు పోయినకొద్దీ త్రవ్వుడు బావులు ఎండి, చీనీ తోటలు దెబ్బతిన్నవి. తుమ్మలపల్లె యురేనియం కర్మాగారపు వ్యర్థాల చెరువు వలన తమ బావులు చెడుతున్నవని పరిసర గ్రామస్థులు మొరపెట్టగా, 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు నోటీసు ఇచ్చింది. గండికోట వద్ద 26.85 టి.ఎం.సి.ల జలాశయం నిర్మించబడి, అక్కడి నీరు ఎత్తిపోతల ద్వారా చిత్రావతి జలాశయానికి, పులివెందుల వైపునకు చేరుతున్నది. ఇది మెట్టసీమకు వరమే. కాని ఆ నీటికోసం తాళ్ళప్రొద్దుటూరు మొదలైన గ్రామాలు 2020లో ఖాళీ అయినవి. ఊరు మునిగితే ఇండ్లతోపాటు గోరీలు, గుళ్ళు, చావళ్ళు మునుగుతాయి. ఇండ్లకు పరిహారం కట్టవచ్చును. ఆ చావడి ముందు పాడిన పాటకు ఎవరు కట్టగలరు?

కనుక చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. ముంపు గ్రామాల నుండి తరలిన వృద్ధులు బ్రతికి ఉండగానే వారి పాటలను, ఊరి బావుల పేర్లను, వక్ఫు భూముల వివరాలను వ్రాసి ఉంచవలెను. పాత మస్జిదులలోని హౌజులను, బావులను పూడ్చివేయక పూడిక తీయించవలెను. వుజూ నీటిని మురుగుకాలువలోనికి వదలక ఆవరణలోని చెట్లకు మళ్ళించవలెను. వీటికి పెద్ద ధనం అక్కరలేదు. మస్జిదు కమిటీలు, ఊరి యువకులు పూనుకొంటే చాలును. గండికోట మీనారులను చూడబోయే మనవారు ప్రక్కనే ఉన్న కోనేటిని కూడా ఒకమారు చూచి, తమ ఊరి మస్జిదు బావి ఎట్లున్నదో విచారించుకొందురు గాక.