పుట్టుకతో వచ్చే ఉదరవితాన హెర్నియా

ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండర పొర ఉదరవితానం. గర్భంలో మూడో నెల దాటేలోపు అది మూసుకోవాలి. ఎక్కడైనా సందు మిగిలితే పేగులు, జీర్ణాశయం, ప్లీహం, ఒక్కోసారి కాలేయం ఛాతీలోకి ఎక్కి ఊపిరితిత్తులను ఎదగనివ్వవు. సుమారు 3,000 కాన్పులకు ఒకటి చొప్పున కనిపించే ఈ లోపం పదింట ఎనిమిది సార్లు ఎడమవైపే ఉంటుంది.

పుట్టిన కాసేపటికే బిడ్డ ఎగశ్వాస పడుతుంది, ఒళ్లు నీలమవుతుంది. పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటుంది, గుండె చప్పుడు కుడివైపు వినపడుతుంది. ఊపిరాడడం లేదని మాస్కుతో గాలి కొడితే ఆ గాలి పేగుల్లోకే పోయి ఊపిరితిత్తులను ఇంకా నొక్కుతుంది. అందుకే నేరుగా శ్వాసనాళంలోకి గొట్టం వేసి, ముక్కులోంచి మరో గొట్టంతో జీర్ణాశయంలోని గాలిని తీసేస్తారు.

దీన్ని 1679లో ఫ్రెంచ్ వైద్యుడు లజార్ రివియేర్ పేరిట వెలువడిన గ్రంథం వర్ణించింది. ప్రాగ్ శరీరశాస్త్రవేత్త బొఖ్‌డాలెక్ 1848లో వెనకవైపు రకాన్ని వివరించగా, దానికి ఆయన పేరే స్థిరపడింది. 1902లో జర్మనీలో హైడెన్‌హైన్ తొమ్మిదేళ్ల బాలుడికి విజయవంతంగా ఆపరేషన్ చేశాడు. పుట్టి 24 గంటలైనా నిండని శిశువును బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ బతికించిన సంగతి 1946లో వెలువడింది.

ఆ విజయంతో నలభై ఏళ్లపాటు సర్జన్లు గడియారంతో పోటీపడ్డారు. సందు కుట్టేస్తే చాలనుకున్నారు. కుట్లు బాగానే పడ్డా పిల్లలు పోతూనే ఉండేవారు; ఎదగని ఊపిరితిత్తి, అందులో పెరిగిన రక్తపోటు అసలు శత్రువులని ఒప్పుకోవడానికి 1980లు రావాల్సి వచ్చింది. ఇప్పుడు వెంటిలేటర్‌పై మెల్లగా ఊపిరి అందించి, బిడ్డ కుదుటపడ్డాకే కోత పెడతారు. తీవ్రమైన ఎడమవైపు లోపాల్లో గర్భస్థ శిశువు శ్వాసనాళంలో చిన్న బుడగ అమర్చే పద్ధతితో బతికినవారు 15 నుంచి 40 శాతానికి పెరిగారని 2021లో ఒక అంతర్జాతీయ పరీక్ష తేల్చింది.

ఇక ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడులోనూ మార్కాపురం వైపూ ఫలితాన్ని చాలావరకు తేల్చేది గర్భస్థ శిశువు అవయవాల్లో లోపాలను వెతికే అయిదో నెల టిఫా స్కాన్. ముందే తెలిస్తే వెంటిలేటర్, పిల్లల సర్జన్ ఉన్నచోట కాన్పు ఏర్పాటు చేసుకోవచ్చు. అయితే మిరప కోతల్లో ఉన్న కూలి తల్లికి స్కానంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఆపరేషన్ ఖర్చు మాత్రం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం కింద వస్తుంది.

పత్తి, మిరప చేలలో మందు కొట్టడం వల్లే వచ్చిందా అన్న అనుమానం ఈ ప్రాంతంలో సహజం. దానికి ప్రయోగశాలలో ఒక ఆధారం లేకపోలేదు: నైట్రోఫెన్ అనే కలుపుమందు ఇచ్చిన ఎలుకల పిల్లల్లో ఇదే లోపం వస్తుంది, పరిశోధకులు దాన్ని నమూనాగా వాడుకుంటారు. భారత్‌లో అది నిషేధిత మందు. మనుషుల్లో మాత్రం పురుగుమందే కారణమని రుజువు కాలేదు. కొందరిలో జన్యు లోపాలు దొరుకుతాయి, ఎక్కువమందిలో ఏమీ దొరకదు. నైట్రోఫెన్ ప్రయోగాలకు ముందే, 1941లో, విటమిన్ ఎ లోపించిన తల్లి ఎలుకల పిల్లల్లో అమెరికా వైద్యురాలు డొరతీ ఆండర్సన్ ఈ హెర్నియాను చూసింది. నైట్రోఫెన్ దెబ్బతీసేదీ ఆ విటమిన్ దారినేనని తరవాత తేలింది. అలాగని గర్భిణి సొంతంగా విటమిన్ ఎ మాత్రలు మింగకూడదు. మోతాదు మించితే అదీ పిండానికి వైకల్యాలు తెస్తుంది.