ఉప్మా నుంచి గుడ్డు దాకా: అంగన్‌వాడీకి యాభై ఏళ్లు

1975 అక్టోబరు 2న దేశమంతటా 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం మొదలైంది. ఆఫీసుల్లో అది ఐసీడీఎస్, ఊళ్లో అంగన్‌వాడీ. తెలుగు నేలకు అప్పుడు దక్కినవి రెండే ప్రాజెక్టులు. ఒకటి ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు, రెండోది అనంతపురం జిల్లా కంబదూరు. మొదటిది గోండుల అడవి ప్రాంతం, రెండోది ఏటా మబ్బుల వంక చూసే కరువు సీమ. పథకం ఎవరి కోసమో చెప్పడానికి ఆ రెండు పేర్లు చాలు.

ఆరేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు ఆరు సేవలు ఒక్కచోటే అందాలన్నది ఆలోచన. అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠాలు, పిల్లలకు ఆటపాటల చదువు. ఇన్నింటికీ కలిపి ఒక గది, ఒక కార్యకర్త, ఒక ఆయా. మెట్రిక్ పాసైన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, కాకపోతే 100, ఆయాకు 35. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఆ మాటతో వచ్చిన తకరారు ఇప్పటికీ తెగలేదు.

అంతకుముందు ఏమీ లేదనుకోకూడదు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ బోర్డు సాయంతో స్వచ్ఛంద సంస్థలు పల్లెల్లో బాలవాడీలు నడిపాయి. కానీ ఫలానా ఊళ్లో అది ఉండి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. 1974 ఆగస్టులో జాతీయ బాలల విధానం వచ్చాకే ప్రభుత్వం ఆ బాధ్యతను నేరుగా నెత్తికెత్తుకుంది.

తొలి దశాబ్దాల అంగన్‌వాడీ అనగానే పాతతరానికి గుర్తొచ్చేది ఉప్మా. అమెరికా సాయంగా కేర్ సంస్థ ద్వారా వచ్చిన మొక్కజొన్న, సోయా పిండిని అదే బాపతు నూనెతో ఉడికించి గిన్నెల్లో పెట్టేవారు. రుచి గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. కానీ ఆ ఉప్మా చేసిన మేలును లెక్కకట్టే అవకాశం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు దొరికింది. 1987 నుంచి 1990 దాకా ఆ సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్లకు అంగన్‌వాడీ ఉప్మా అందేది, మిగతా 14 ఊళ్లకు పథకం ఇంకా రాలేదు. అప్పటి పిల్లల్ని పరిశోధకులు మళ్లీ 2003-05 మధ్య వెతికి పట్టుకున్నారు. అప్పటికి వాళ్లు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యారు.

ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు మిగతావాళ్లకన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు ఉన్నారు. ఓస్ ఇంతేనా అనిపించవచ్చు. అసలు సంగతి పొడుగులో లేదు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. కడుపులో ఉన్నప్పుడు తల్లికి, పుట్టాక బిడ్డకు అందిన ఆ గిన్నెడు తిండి పదిహేనేళ్ల తర్వాత గుండెకు కాపు కాసినట్టుంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలను అచ్చువేసింది. పథకం ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ వేరే తేడాలూ ఉండవచ్చు, అంతా ఉప్మా మహిమే అనడం తొందరపాటు. అయినా ఒక మామూలు ప్రభుత్వ పథకానికి ఇంతటి యోగ్యతాపత్రం దొరకడం అరుదు.

ఆ 14 ఊళ్ల పిల్లలకు ఉప్మా ఎందుకు అందలేదు? పథకం వాళ్ల దాకా రాలేదు, అంతే. బడ్జెట్ ఉన్నంత మేర బ్లాకులు మంజూరయ్యేవి, మిగతావాళ్లు వంతు కోసం చూడాల్సిందే. మొదటి పాతికేళ్లు అంగన్‌వాడీ సర్కారు ఇస్తే వచ్చేది, అడిగి తెచ్చుకునేది కాదు.

దాన్ని హక్కుగా మార్చింది సుప్రీంకోర్టు. 2001లో గోదాముల్లో ధాన్యం మగ్గుతుంటే కరువు జిల్లాల్లో జనం పస్తులుంటున్నారని పౌరహక్కుల ప్రజాసంఘం, పీయూసీఎల్, కోర్టుకెక్కింది. ఆ నవంబరు 28 ఉత్తర్వుతో ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని తేలింది. 2004లో ఆహార సరఫరాకు కాంట్రాక్టర్లను వాడొద్దని కోర్టు చెప్పింది. 2006 డిసెంబరులో ఇంకో అడుగు వేసి, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ గూడెమైనా, వాడైనా అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ తెరవాలంది. దేశంలో అంగన్‌వాడీలు 14 లక్షలకు చేరాలని లెక్క కూడా చెప్పింది. 2013 ఆహార భద్రత చట్టం వచ్చాక ఇదంతా చట్టంలోకి ఎక్కింది. మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజుకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అని దాని షెడ్యూలులో రాశారు. ఇందుకోసం 2017లో కేంద్రం కట్టిన లెక్క తలకు 8 రూపాయలు. ఆ డబ్బుకు టీకొట్టులో టీ కూడా రాదు.

కేంద్రం వేసే ఇలాంటి చాలీచాలని లెక్కల మీద తెలుగు రాష్ట్రాలు సొంత సొమ్ము వేశాయి. ఇంటికిచ్చిన రేషన్ ఇంటిల్లిపాదీ పంచుకుంటారు, చివర తినేది గర్భిణే. అది చూసే 2013 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రం ఇందిరమ్మ అమృత హస్తం తెచ్చి, అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి పూటభోజనం పెట్టడం మొదలుపెట్టింది. సరిగ్గా రెండేళ్లకు తెలంగాణ దాన్నే ఆరోగ్యలక్ష్మి చేసింది. అన్నం, పప్పు, కూర, 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు, ఐరన్ మాత్ర కూడా అక్కడే మింగాలి. గుడ్డు పెట్టాలా వద్దా అని కొన్ని రాష్ట్రాలు వాదులాడుకుంటుండగా ఇక్కడ అది పళ్లెంలోకి వచ్చేసింది. యాభై ఏళ్లలో తెలుగువాళ్లు ఈ పథకానికి చేర్చిన మంచి అదే.

ఇక కాగితాల సంగతి. తూకం రోజున ఏ కేంద్రానికి వెళ్లినా ఒకటే దృశ్యం. దూలానికి వేలాడే స్ప్రింగు త్రాసులో పసివాడు కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తుంటాడు, ముల్లు నిలవదు. తల్లి చిటికెలు వేస్తుంది. ముల్లు ఆగిన క్షణం పట్టుకుని కార్యకర్త కార్డులో చుక్క పెడుతుంది. చుక్క పచ్చ పట్టీలో పడితే సరే, పసుపులో పడితే జాగ్రత్తలు చెప్పాలి, నారింజలో పడితే ఆసుపత్రికి పరుగు. ఈ ఒక్క చుక్క కోసమే మిగతా తంతంతా. కానీ 2012 నాటికి ఆమె నింపాల్సిన రిజిస్టర్లు పదకొండు. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. 2025 జూలై నుంచి ఇంటికి సరుకు ఇవ్వాలంటే తల్లి ముఖం ఫోన్‌లో కనిపించి సరిపోలాలి. సిగ్నల్ అందని గూడెంలో ఈ నియమం ఎవరిని శిక్షిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని నియమాలూ ప్రభుత్వ కేంద్రాలకే, ప్రైవేటు ప్లే స్కూళ్లకు కావు. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల దాకా చదువు హక్కేనంది. 2002 రాజ్యాంగ సవరణ దాన్ని ఆరు నుంచి పద్నాలుగేళ్లకు కుదించి, ఆరేళ్లలోపు వాళ్లను ఆదేశిక సూత్రాలకు వదిలేసింది. ఆ సందులోనే వీధివీధినా ప్లే స్కూళ్లు వెలిశాయి. వాటికి బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు ఉన్నాయి గానీ చట్టం బిగువు లేదు.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 55,600, తెలంగాణలో 35,700 కేంద్రాలు ఉన్నాయి. పిల్లల వాటా చట్టంలో రాసుంది, పెట్టే చేతుల వాటా మాత్రం ఇంకా జీవోల దయ. వాళ్లవి సివిల్ పోస్టులు కావని 2006లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టే, 2022లో గుజరాత్ కేసులో గ్రాట్యుటీకి మాత్రం అర్హులేనంది. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేస్తే వాళ్ల మీద అత్యవసర సేవల చట్టం ఎస్మాను ప్రయోగించారు. అత్యవసర సేవ అనడానికి చట్టం ఉంది, ఆ సేవకు జీతం అనడానికి లేదు. కార్యకర్త గౌరవ వేతనంలో కేంద్రం లెక్క 2018 అక్టోబరులో 4,500 రూపాయల దగ్గర ఆగింది, పైన ఎంతన్నది రాష్ట్రాల ఇష్టం. స్వర్ణోత్సవాల పేరిట సన్మానాలు, శాలువాలు ఎలాగూ ఉంటాయి. వాటితోపాటు కేంద్రం, రెండు రాష్ట్రాలు కలిసి ఈ ఏడాదే కార్యకర్తకూ ఆయాకూ కనీస వేతనం, పింఛను ఖాయం చేస్తూ ఉత్తర్వు ఇవ్వాలి.