హెచ్‌డీ బాక్సు పెట్టించాలా, వద్దా?

మొన్న సంక్రాంతికి బాపట్ల వెళ్తూ అమ్మానాన్నల కోసం 43 అంగుళాల టీవీ ఒకటి కొనుక్కెళ్ళాను. ఇంట్లో ఉన్న పాత 21 అంగుళాల డబ్బా టీవీ దీపావళి రోజు ఠప్పున ఆరిపోయింది లెండి. కొత్తదాన్ని గోడకి బిగించి, పాత సెట్ టాప్ బాక్సు తాలూకు ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు గుచ్చి, మహా గర్వంగా ఆన్ చేశాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏంట్రా, దీనికన్నా పాతదే నయంగా ఉందే!" అన్నారు.

నిజమే. మొహాలన్నీ అలుక్కుపోయినట్టున్నాయి. క్రికెట్ స్కోరులో 3 ఏదో 8 ఏదో తెలియట్లేదు. నాన్న కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు. కొడుకు బోలెడు డబ్బు పోసి కొన్న టీవీ ముందు, పాపం, ఆయన మూడడుగుల దూరంలో!

తప్పు టీవీది కాదు. మామూలు ఎస్‌డీ బొమ్మలో 720 × 576, అంటే 4,14,720 చుక్కలు. హెచ్‌డీలో 1920 × 1080, అంటే 20,73,600. సరిగ్గా ఐదు రెట్లు. చిన్న తెర మీద ఆ తక్కువ చుక్కలు సర్దుకుపోయాయి. పెద్ద తెర వాటిని సాగదీసి బండారం బయటపెట్టింది.

'అయితే హెచ్‌డీ బాక్సు పెట్టించెయ్, ఇందులో ఆలోచించేదేముంది' అంటారా? నేనూ అదే అన్నాను. కానీ మా నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. తేలిగ్గా వదలరు. "ఈ ఇంట్లో ఇప్పటికి రెండు డబ్బాలు మారాయి. ఇది మూడోది. ఇదే ఆఖరిదని ఎవరు చెప్పారు?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను చాలా వెనక్కి వెళ్ళిపోయాను.

మన పల్లెల్లోకి ఉపగ్రహ టీవీ మొదటిసారి వచ్చింది 1975 ఆగస్టు 1న. అమెరికా వాళ్ళ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకోనిస్తే, మన ఇస్రో వాళ్ళు ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి కార్యక్రమాలు చూపించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆరింటిలో ఒకటి. కోళ్ళ గూళ్ళకి కొట్టే ఇనప వల లాంటి దానితో చేసిన మూడు మీటర్ల డిష్షు, ఊరంతటికీ కలిపి ఒక టీవీ. చూసేవాళ్ళు పైసా ఇవ్వక్కర్లేదు. 1976 జులై 31తో గడువు అయిపోయింది, అరువు ఉపగ్రహం వెనక్కి వెళ్ళిపోయింది. డిష్షులు ఉన్నచోటే ఉన్నాయి, పైనుంచి రావాల్సింది మాత్రం ఆగిపోయింది. నాన్న ప్రశ్నకి సగం జవాబు నాకిక్కడే దొరికింది. డబ్బా ఎంత బాగా పనిచేసినా, దాని ఆయుష్షు మన చేతిలో ఉండదు. పైనుంచి పంపేవాడి చేతిలో ఉంటుంది.

తర్వాత 1982 ఏప్రిల్‌లో ఇన్‌శాట్-1ఎ ఎగిరింది, సెప్టెంబరుకల్లా చెడిపోయింది. ఆ ఏడాదే ఏషియన్ గేమ్స్ కోసం దూరదర్శన్ రంగుల్లోకి మారింది. 1983లో ఇన్‌శాట్-1బి వచ్చి నిలదొక్కుకుంది. 1991లో ఏషియాశాట్-1 మీద స్టార్ టీవీ వచ్చింది. 1995కల్లా ఈటీవీ, జెమిని వచ్చేశాయి. ఈ రోజుల్లో గమనించాల్సిన విషయం ఒకటుంది. మేడ మీద పెద్ద గొడుగు, రిసీవర్లు అన్నీ కేబులబ్బాయివే. మనింట్లోకి వచ్చేది ఒక్క నల్ల వైరు. పైన ఏం మారినా ఆ ఖర్చు, ఆ తలనొప్పి ముందు అతనివి. మా అమ్మ ఇప్పటికీ ఆ రోజులే బాగున్నాయంటుంది.

ఇంటింటికీ చిన్న గొడుగు అన్న ఆలోచన మన దేశంలో ఆలస్యమైంది. 1997లో స్టార్ వాళ్ళు డీటీహెచ్ మొదలెట్టబోతుంటే ప్రభుత్వం నిషేధించింది. మళ్ళీ 2000 నవంబరులో అనుమతించింది. 2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరులో నెలనెలా రుసుము లేని దూరదర్శన్ డైరెక్ట్ ప్లస్ (ఇప్పటి డీడీ ఫ్రీ డిష్), 2006లో టాటా స్కై వచ్చాయి. మా ఇంటి మేడ మీదకి గొడుగు 2008లో ఎక్కింది. అప్పుడు నేను ఐదో క్లాసు. గొడుగు ఎటు తిప్పాలో మెకానిక్ కేకలేస్తుంటే, కిటికీలోంచి "వచ్చింది, పోయింది" అని చెప్పే ఉద్యోగం నాదే :)

ఆ బాక్సు ఎంపెగ్-2 రకం. తర్వాత ఎంపెగ్-4 వచ్చింది. ఉపగ్రహంలో అంతే జాగాలో ఎక్కువ చానెళ్ళు పట్టించే పద్ధతి అది. లాభం ప్రసారం చేసేవాళ్ళది, పనికిరాకుండా పోయింది మాత్రం మన బాక్సు. మా మొదటి డబ్బా అలాగే అటకెక్కింది. పోనీ ఒక కంపెనీ బాక్సుని ఇంకో కంపెనీకి వాడుకుందామా అంటే అదీ కుదరదు. అలా కుదరాలని 2001 నాటి డీటీహెచ్ నిబంధనల్లోనే ఉంది. ఇళ్ళల్లో మాత్రం జరగలేదు. 2020లో ట్రాయ్ మళ్ళీ అదే సిఫారసు చేయాల్సి వచ్చిందంటే చూడండి.

ఇది మన ఒక్కరి బాధే కాదు. హెచ్‌డీ కోసం జపాన్ ఎన్‌హెచ్‌కే వాళ్ళు 1964లోనే పరిశోధన మొదలెట్టారు. 1989లో ఉపగ్రహం ద్వారా ప్రయోగాత్మక ప్రసారాలు కూడా ఇచ్చారు. కానీ అది అనలాగ్. లోకమంతా డిజిటల్ వైపు తిరిగింది. చివరికి 2007లో ఆ ప్రసారం ఆపేశారు. బ్రిటన్‌లో 1990లో బీఎస్‌బీ అనే కంపెనీ చిన్న చదరపు డిష్షులతో దిగింది. బొమ్మ పోటీవాడి కన్నా మెరుగే. ఆ ఏడాది నవంబరులోనే పోటీ కంపెనీ స్కైలో కలిసిపోయింది. కొన్నవాళ్ళకి గోడ మీద ఒక అలంకారం మిగిలింది. రెండు చోట్లా నష్టపోయింది ముందుగా ఎగబడి కొన్నవాళ్ళే.

మరి మనం? మన దగ్గర హెచ్‌డీ డీటీహెచ్ ఊపందుకుంది 2010లో. ఆ అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్ని దూరదర్శన్ హెచ్‌డీలో చూపించింది. అంటే మేం ఇప్పుడు కొంటే పదిహేనేళ్ళు ఆలస్యంగా కొంటున్నట్టు. ఈ విషయంలో ఆలస్యమే మంచిదయ్యింది. పద్ధతి కుదురుకుంది, తెలుగు చానెళ్ళూ వచ్చాయి.

కానీ ఇంకో వైపు కూడా చూడాలి. 2020 ప్రాంతంలో దాదాపు 7 కోట్ల దాకా వెళ్ళిన డీటీహెచ్ చందాదారులు ఆ తర్వాత తగ్గుతూ వచ్చారు. జనం ఇంటర్నెట్ వైపు వెళ్తున్నారు. బాక్సు బాగానే ఉండి, పైనుంచి పంపేవాడికే ఆసక్తి తగ్గిపోతే? 1976 నాటి డిష్షులు గుర్తొస్తున్నాయి కదూ!

అంచేత నేను తేల్చుకున్నదిది. బాక్సు వేరు, ప్యాకు వేరు. హెచ్‌డీ బాక్సులో ఎస్‌డీ చానెళ్ళు కూడా వస్తాయి, పైగా హెచ్‌డీఎంఐ వైరు వల్ల అవి కూడా కాస్త తేటపడతాయి. గొడుగు మార్చక్కర్లేదు. కాబట్టి మామూలు హెచ్‌డీ బాక్సు పెట్టిద్దాం. ప్యాకులో మాత్రం వాళ్ళు నిజంగా చూసేవే హెచ్‌డీ: క్రికెట్‌కి రెండు, అమ్మ సీరియళ్ళకి రెండు. 2019 నాటి ట్రాయ్ నిబంధనల్లో ఒక్క హెచ్‌డీ చానెల్‌ని రెండు ఎస్‌డీ చానెళ్ళ కింద లెక్కగట్టారు. ఉన్నవన్నీ మార్చుకుంటూ పోతే నెల బిల్లు ఊరుకోదు. ఏడాది రీఛార్జి వద్దు, నెలనెలా చాలు. రేపు ఈ గొడుగు కథ ముగిసినా మనం పోగొట్టుకునేది ఒక్క డబ్బానే.

ఇదంతా ఫోన్లో నాన్నకి చెప్పాను. ఓపిగ్గా విని, "ఇంతకీ వానొస్తే ఆగకుండా వస్తుందా?" అన్నారు. ఆ పౌనఃపున్యాన్ని వాన ఎలా మింగేస్తుందో, హెచ్‌డీ అయినా దానికి మందు లేదని చెప్పాల్సి వచ్చింది.

"మరి స్కోరు కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది నాన్నా."

"అయితే పెట్టించు. కుర్చీ వెనక్కి జరుపుకుంటాను."

బాక్సు పెట్టేశారు. ఒక్క చిక్కు మాత్రం నేను లెక్కేసుకోలేదు. హెచ్‌డీ చానెళ్ళ నంబర్లు వేరు. ఇన్నేళ్ళుగా అమ్మకి కంఠతా ఉన్న నంబర్లన్నీ పోయాయి. ఉగాదికి వెళ్ళినప్పుడు పెద్దక్షరాల్లో ఒక అట్ట మీద రాసి టీవీ పక్కన అంటించాలి. మీ ఇళ్ళల్లో మార్చేముందు ఆ అట్ట సిద్ధం చేసుకోండి, అదీ సంగతి.