చూపినవాడికి చెల్లించవలెను

హుండీ అనగానే మనకు గుర్తొచ్చేది గుడిలో ఇనప్పెట్టె. బజారులో ఆ మాటకు ఇంకో అర్థం ఉండేది. ఒక ఊరి సాహుకారు మరో ఊరి సాహుకారుకు ‘ఇంత సొమ్ము చెల్లించండి’ అని రాసే చీటీని హుండీ అనేవారు. దొంగల భయమున్న దారుల్లో రూపాయల మూట మోసుకెళ్ళే బదులు ఆ కాగితం పట్టుకెళ్ళేవారు. హైదరాబాద్‌లో కార్వాన్, బేగంబజార్ సాహుకార్లు బతికిందీ, బలిసిందీ ఇలాంటి కాగితాల మీదే.

కార్డును మెషీన్‌కు తాకించి డబ్బు కట్టే ఈ రోజుల్లో హుండీ గోల ఎందుకంటే, ఇప్పుడు మనం అడుగుతున్న ప్రశ్నలన్నీ ఆ సాహుకార్లు ముందే అడిగేశారు. జవాబుకో పేరు కూడా పెట్టుకున్నారు. చూడగానే చెల్లించాల్సింది దర్శనీ హుండీ. గడువు తీరాక చెల్లించేది ముద్దతీ. సొమ్ము ఎవరి చేతికివ్వాలన్న దాన్ని బట్టి ఇంకో మూడు రకాలు. ధనీజోగ్ అయితే అసలు హక్కుదారుకే ఇవ్వాలి. దేఖన్‌హార్ అయితే ఎవరు తెచ్చి చూపిస్తే వాళ్ళకే. షాజోగ్ అయితే బజారులో పరువున్న ‘షా’ ద్వారా వస్తేనే. ఆ హుండీ దొంగదని తర్వాత తేలితే, సొమ్ము అందుకున్న షా దాన్ని వెనక్కివ్వాలి. ఇవి కాక జోఖ్మీ హుండీ ఒకటి. సరుకు చేరితేనే అది చెల్లుతుంది, దారిలో మునిగితే ఆ నష్టం హుండీ కొన్నవాడిది.

జోఖిమ్ అంటే ముప్పు. ముప్పు లేని చెల్లింపు ఉండదని ఆ వ్యాపారులకు తెలుసు. అందుకే అది ఎవరి నెత్తిన పడాలో ముందే తేల్చుకున్నారు. నాకు ఈ చరిత్రలో నచ్చేది అదే.

ఇప్పుడు నారాయణఖేడ్‌కు వద్దాం. 1956 దాకా అది బీదర్ జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌కు వచ్చింది, 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపించే ప్రాంతం. 1918 నుంచి నిజాం ప్రభుత్వం వేసిన కాగితపు నోట్ల మీద కూడా ఈ నాలుగు భాషలూ ఉండేవి. నోటు చెప్పే మాట ఒక్కటే: తెచ్చినవాడికి చెల్లు. అంటే నోటు కూడా దేఖన్‌హారే. జేబులోంచి పడిపోతే పోయినట్టే, ఎవరినీ అడిగేది లేదు. కాకపోతే పోయేది ఆ ఒక్క నోటే, ఇంట్లో పెట్టె భద్రంగానే ఉంటుంది.

కార్డు వచ్చాక భయం పెట్టెకే వచ్చింది. అందుకే మన దేశంలో రుజువు మీద రుజువు పెట్టారు. 2013 చివరి నుంచి దుకాణంలో డెబిట్ కార్డు గీకితే ప్రతిసారీ పిన్ కొట్టాల్సిందే. అంటే కార్డు ధనీజోగ్ అయింది. రెండేళ్ళు తిరక్కుండానే, 2015 మే నెలలో, రిజర్వు బ్యాంకు తాకించే కార్డులకు 2,000 రూపాయల దాకా పిన్ అక్కర్లేదంది. 2021 జనవరి 1 నుంచి ఆ పరిమితి 5,000 అయింది. కరోనా కాలం కదా, మెషీన్ మీటలు ముట్టుకోవాలన్నా భయమే. అలా 5,000 దాకా మన కార్డు మళ్ళీ దేఖన్‌హార్ అయిపోయింది.

దీని ముప్పు గురించి వాట్సాప్‌లో తిరిగే కథలు వేరు, అసలు సంగతి వేరు. రద్దీ బస్సులో ఎవడో మెషీన్ పట్టుకుని మీ జేబుకు ఆనిస్తే డబ్బంతా పోతుందన్నది ఆ కథ. కార్డు చిప్ కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే పలుకుతుంది, ప్రతి చెల్లింపుకూ కొత్త సంకేతం తయారుచేస్తుంది. పాతదాన్ని దొంగిలించి మళ్ళీ వాడలేరు. పైగా ఆ మెషీన్ వెనక ఒక బ్యాంకు ఖాతా, దానికో పేరు, చిరునామా ఉంటాయి. అంటే సొమ్ము అందుకునే వైపు అది షాజోగే, జాడ తీయొచ్చు. మామూలుగా జరిగే ప్రమాదం చాలా సాదాది. కార్డు పోతుంది, దొరికినవాడు మనం బ్లాక్ చేసేలోపు నాలుగు చోట్ల తాకిస్తాడు. అంతే. ఇందుకే 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇంకో ఆదేశమిచ్చింది: కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఈ తాకించే సౌకర్యం మూసే ఉండాలి, కావాలంటే ఖాతాదారే తెరుచుకోవాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ తాకించే కార్డు తెలుగు పల్లెలకు రావడం ఇది మొదటిసారి కాదు. 2007లో వరంగల్ జిల్లాలో ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్ కార్డులతో పంచడం మొదలైంది. ఆ ప్రయోగంలో ఫోనుకు దగ్గర పెడితే చదువుకునే కార్డులు కూడా వాడారు. అప్పటికి నగరాల్లో మనలో చాలామందికి అలాంటివి లేవు. తేడా ఒక్కటే: కార్డు తాకిస్తే చాలదు, వేలిముద్ర కూడా వేయాలి. తర్వాత 157 మండలాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్నచోట, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ దీన్ని పరిశీలించారు. కూలి త్వరగా అందిందని, మధ్యలో కారిపోయే డబ్బు తగ్గిందని 2016లో ప్రచురించారు. వేలిముద్ర మేలు చేసిందన్నది కాదనలేని మాట.

కానీ ఆ తర్వాత కార్డు మాయమై వేలు మాత్రమే మిగిలింది. ఇప్పుడు ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఊళ్ళో బ్యాంకు ప్రతినిధి దగ్గర డబ్బు తీసుకోవచ్చు. బ్యాంకు దూరంగా ఉన్న తండాకు ఇది ఎంత సుఖమో చెప్పక్కర్లేదు. అయితే 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి కాగితాల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకళ్ళు తయారుచేసి సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ తర్వాతి ఏళ్ళలో ఇదే దారిలో బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు పట్టుబడ్డాయి. భూమి అమ్మిన రోజు కాగితం మీద వేసిన నిశానీయే తాళం చెవి అయింది. కార్డు పోతే కొత్తది ఇస్తారు, వేలు మార్చి ఇచ్చేవాళ్ళు లేరు.

చదువుకున్నవాళ్ళ కార్డుకు తలుపు మూసి ఇచ్చారు, తెరిస్తేనే ప్రమాదం. ‘వేలుముద్రగాడు’ అని మనం ఎగతాళి చేసే మనిషి వేలికి మాత్రం తలుపు తెరిచే ఉంది. ఆధార్ బయోమెట్రిక్స్‌కు తాళం వేసుకునే వీలుంది, కానీ అది ఎవరికి వారు వెళ్ళి వేసుకోవాలి. నగర జీవికి 5,000 దాకా మాటే చాలు. కూలి మనిషి తన కూలి తీసుకోవడానికి ఒళ్ళు చూపించాలి. పనిచేసి అరిగిన వేలిని మెషీన్ గుర్తుపట్టకపోతే మళ్ళీ రావాలి.

జోఖిమ్ ఎవరిది? 2017 జూలైలో రిజర్వు బ్యాంకు దీనికీ జవాబిచ్చింది. బ్యాంకుదీ ఖాతాదారుదీ తప్పు లేకుండా మూడోవాడి వల్ల డబ్బు పోతే, కబురందిన మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం లేదు. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది. షాజోగ్ హుండీ స్ఫూర్తి ఇందులో ఉందని నాకనిపిస్తుంది. కాకపోతే లెక్కంతా ‘కబురు అందిన’ దగ్గర మొదలవుతుంది. నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక పింఛను ముసలమ్మకు ఆ కబురు ఇంగ్లిష్‌లో, ఎవరో మనవడి ఫోనుకు వస్తుంది. ఆ మనవడు పనికోసం హైదరాబాద్‌లో ఉంటే? నూరేళ్ళ కిందటి నోటు ఆ ప్రాంతంతో నాలుగు భాషల్లో మాట్లాడింది. డబ్బు పోయిందని చెప్పే మెసేజ్ కనీసం ఒక్క భాషలోనైనా ఆమెకు అర్థమయ్యేలా రావాలి. అది రానంతవరకూ ఆ మూడు రోజుల గడువు ఆమెకు లేనట్టే.