మిత్రుడను మాట: ఒక రికార్డు సంస్థ చరిత్రము

చరిత్రమనగా రాజుల దండయాత్రలు, సంధిపత్రములు మాత్రమే యని యెంచువారు మనలో నింకను గలరు. అట్టివారికి, ఐరోపాఖండమున కొందరు యువకులు తల గొరిగించుకొని, చెవులు గింగురుమనునట్టి మ్రోతకు తెల్లవారువరకు గంతులు వేసిన వృత్తాంతము చరిత్రమనిపింపదు. మేమును మొదట నట్లే తలచితిమి. కాని యా మ్రోతను వెలువరించిన యొక చిన్న రికార్డు సంస్థ పేరును, దానిని వినువారు తమకు పెట్టుకొనిన పేరును వ్యుత్పత్తితో పరిశీలించినపిమ్మట మా యభిప్రాయము మారెను. ఎట్లు మారెనో చదువరులకు విన్నవించుచున్నాము.

ఆ సంగీతమునకు హార్డ్‌కోర్ టెక్నో యని పేరు. ఇందు గాయకుడు ప్రధానుడు కాడు; యంత్రమే ప్రధానము. జపానుదేశపు రోలాండు కంపెనీ 1983లో విడుదల చేసిన టీఆర్-909 అను తాళయంత్రపు డ్రమ్ము ధ్వనిని మితిమీరిన బలముతో మిక్సరు గుండ పంపి, అది పగిలి బొంగురుపోవునట్లు చేయుదురు. ఇతర సంగీతములలో దోషమని పరిహరింపబడు నా పగులే యిచ్చట గుణమైనది. దెబ్బలు నిమిషమునకు 150 మొదలు 200 వరకును, ఒక్కొక్కప్పుడు దానికి మించియు నుండును. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టున మార్క్ ట్రౌనర్ అనునాతడు మెస్కలీనమ్ యునైటెడ్ అను మారుపేర 1990లో రచించిన “వి హావ్ అరైవ్డ్” ఈ శాఖకు మొట్టమొదటి రచనలలో నొకటిగా నెన్నబడుచున్నది.

1992లో పాల్ ఎల్‌స్టాక్ హాలండుదేశమున రోటర్‌డామ్ రికార్డ్స్ అను సంస్థను నెలకొల్పెను. రోటర్‌డాము ఓడరేవు, కష్టజీవుల పట్టణము. 1940 మే 14వ తేదీని జర్మను విమానముల బాంబులకు దాని నడిబొడ్డు భస్మమైపోగా, జనులు దానిని మరల నిర్మించుకొనిరి. సంపదకును కళలకును పేరుగన్న ఆమ్‌స్టర్‌డామనిన నచ్చటివారికి చిరకాలముగా నెకసక్కెము. ఈ సంస్థ తొలి రికార్డు పేరే “ఆమ్‌స్టర్‌డామా, అదెక్కడ నున్నది?” అను నర్థము గలది. ఆమ్‌స్టర్‌డాము సంగీతకారుడొకడు రోటర్‌డాము కుర్రవాండ్రను తేలికగా “గాబర్లు” అనెననియు, వారు రోషపడుటకు మారుగా నా పేరునే బిరుదముగా ధరించిరనియు చెప్పుదురు. గాబరనగా నా దేశపు వాడుకమాటలలో నేస్తగాడు.

మరుసటి యేట, అనగా 1993లో, ఫ్రెడీ బీ యను పేర ప్రసిద్ధుడైన కళాకారుడు ఆమ్‌స్టర్‌డామున మోకుమ్ రికార్డ్స్‌ను స్థాపించెను. మోకుమ్ అనునది ఆ నగరమునకు జనులు పెట్టుకొనిన ముద్దుపేరు. యూదుల ఇడ్డిష్ భాషనుండి వచ్చినది. మూలమగు హీబ్రూలో “మకోమ్” అనగా చోటు. గాబరను మాటయు నట్టిదే. హీబ్రూ “హవేర్”, అనగా మిత్రుడు. శతాబ్దములుగా పొరుగున నివసించిన యూదులు బేరసారములలో, నవ్వులాటలలో ఆ నగరమునకు పంచియిచ్చిన మాట లివి. 1940లో హాలండున యూదులు దాదాపు 1,40,000 మంది. వారిలో ఆమ్‌స్టర్‌డామునందే సుమారు 80,000. నాజీల పాలన ముగియునప్పటికి ఆ దేశపు యూదులలో లక్షమందికి పైగా చంపబడిరి. 1941 ఫిబ్రవరి 25న యూదులను పట్టుకొనిపోవుటకు నిరసనగా ఆమ్‌స్టర్‌డాము పనివారు సమ్మె కట్టిరి గాని, ఆ ఘోరమును ఆపజాలకపోయిరి. మనుష్యులు పోయిరి, మాటలు మిగిలినవి.

ఇక నసలు సంగతికి వత్తము. గాబర్ల గుంపులు పెరిగినకొలది, పరజాతిద్వేషము గల కొందరు యువకులు వారిలో చేరిరి. గొరిగిన తలలు, బిగువైన వేషములు వారికి తమ సేనావేషమువలె తోచెను. పత్రికలవారును పెద్దలును గుండుతలలను జూచి అందరిని నొకే గాట గట్టిరి. యూదులు మిత్రునికి పెట్టిన పేరు ధరించి యూదద్వేషమును ప్రకటించుటకంటె విపరీత మేమి కలదు? ద్వేషించువానికి తాను పలుకు మాట పుట్టుపూర్వోత్తరములు తెలియవు. తెలిసికొను కోరికయు లేదు.

అప్పుడు మోకుమ్ సంస్థ చేసినది చిన్నపని. జాతిద్వేషమునకును ఫాసిజమునకును విరోధముగా గాబర్లందరు నేకమైరని తన రికార్డులపై ముద్రించెను. అట్టచుట్టుమీది యొక పంక్తి మనుష్యుల హృదయములను మార్చునా యని యడుగవచ్చును. మార్చునని మేము చెప్పజాలము. కాని ఉపాధ్యాయుని యుపన్యాసమును మతగురువు బోధయు చొరజాలని గదిలోనికి ఆ రికార్డు ప్రవేశించినది. కొనువారిలో కొందరికి రుచింపదని తెలిసియు వర్తకుడు తన సరుకుమీదనే తన ధర్మమును వ్రాసికొనుట సామాన్యము కాదు.

ఈ సంస్థ నిర్దోషమని మా వాదము కాదు. ఆ నృత్యశాలలలో మాదకద్రవ్యములు విరివిగా వాడబడెను. 1995లో మోకుమ్ వెలువరించిన టెక్నోహెడ్ వారి “ఐ వాన్నా బీ ఎ హిప్పీ” మత్తును నవ్వులాటగా జెప్పు పాట. 1996లో నింగ్లండు అమ్మకపుపట్టికలో నారవ స్థానమున కెక్కినది. దానిని రచించిన దంపతులలో లీ న్యూమన్ అను నామె 1995 ఆగస్టులోనే క్యాన్సరుతో మరణించి, ఆ విజయమును చూడకయే పోయెను. మరుగున పుట్టిన మ్రోత ఇట్లు బజారుకెక్కి, చిన్నపిల్లల హాస్యగీతములలోనికి దిగి, ఆ దశాబ్దాంతమునకు దాని తొలి వెల్లువ తీసిపోయినది.

మన యిండ్లలోను పిల్లలు మనకు రుచింపని పాటలు విందురు; మనకు నచ్చని వేషములు వేయుదురు. వేషమును జూచి తీర్పు చెప్పుట సులువు. వారిలో నెవడు ద్వేషము నేర్పుచున్నాడో, ఎవడు దాని నడ్డగించుచున్నాడో తెలిసికొనుటకు దగ్గరకు పోయి వినవలెను. హాలండున ఆ భేదమును పెద్దలు కనిపెట్టకమునుపే లోపలివారు కనిపెట్టి, తమ పేరునకు మిత్రుడని యర్థమని లోకమునకు జ్ఞప్తి చేసిరి. ఆ యర్థమును మనమును మరువకుందుము గాక.