తుంగభద్ర బోర్డు: నీటి పంపకం, చేపల లెక్క

మన కాలువ కన్నడంలో కాలువె. ఆనకట్ట అణెకట్టు, తూము తూబు, వల బలె. హరిగోలు ఇరుభాషల నిఘంటువుల్లోనూ ఉంది. చేపలు పట్టే బెస్తవారు ఏ ఒడ్డున నిలబడినా బెస్తవారే. వల-బలె జంటలోని వకార బకారాల మార్పు కన్నడంలో క్రమంగా కనిపించే ధ్వనిపరిణామమే కనుక, ఇటువంటి మాటలన్నీ ఒకరి నుంచి ఒకరు అరువు తెచ్చుకున్నవని చెప్పడానికి వీల్లేదు. తుంగభద్ర తీరాన నీటినీ చేపనూ పంచుకునే అలవాటు రాష్ట్రాల సరిహద్దుల కంటే పాతది. ఆ అలవాటుకు మన కాలంలో చట్టరూపం ఎలా వచ్చిందో, అందులో ఎవరికి చోటు దక్కిందో చూద్దాం.

1944 జూన్‌లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు తుంగభద్ర జలాశయ నిర్మాణానికి ఒప్పందం చేసుకున్నాయి. 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. ఆనకట్ట ఒక్కటే అయినా ఎడమ సగాన్ని హైదరాబాదు, కుడి సగాన్ని మద్రాసు కట్టాయి. పని ఒక కొలిక్కి వచ్చిన 1953లోనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, హోసపేట ప్రాంతం మైసూరుకు వెళ్ళింది. 1956లో రాయచూరు జిల్లా కూడా అటే చేరింది. దానితో ఆనకట్ట మొత్తం కన్నడ నేలమీద, కుడి కాలువల చివరి భాగాలు తెలుగు నేలమీద మిగిలాయి. కట్టిన రెండు ప్రభుత్వాల్లో ఏదీ అక్కడ లేకుండా పోవడం ఈ చరిత్రలోని విచిత్రం.

ఈ చిక్కును ముందే ఊహించి 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టంలో 66వ సెక్షను చేర్చారు. దాని కింద రాష్ట్రపతి ఉత్తర్వుతో తుంగభద్ర బోర్డు ఏర్పడింది. అధ్యక్షుణ్ణి కేంద్రం నియమిస్తుంది. కేంద్ర ప్రతినిధితో పాటు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, 2014 తర్వాత తెలంగాణ ప్రతినిధులు సభ్యులు. తన విధుల నిర్వహణలో బోర్డుకు రాష్ట్ర ప్రభుత్వానికుండే అధికారాలున్నాయి. సిబ్బందినీ నిధులనూ రాష్ట్రాలే సమకూరుస్తాయి. కుడి గట్టు ఎగువ కాలువలో మొదటి 105 కిలోమీటర్లు, దిగువ కాలువలో మొదటి 250 కిలోమీటర్లు బోర్డు నిర్వహణలోనే ఉన్నాయి. అంటే కన్నడ నేలమీదుగా తెలుగు పొలాలకు వచ్చే నీటిని సరిహద్దుదాకా నడిపించే బాధ్యత ఉమ్మడి చేతుల్లో ఉంది.

బోర్డు ప్రాణం దాని ‘వర్కింగ్ టేబుల్’లో ఉంది. ప్రతి జలసంవత్సరం రాగల నీటిని అంచనా కట్టి, వాటాల ప్రకారం పట్టిక వేస్తారు. వరద తీరును బట్టి దాన్ని మధ్యమధ్య సవరిస్తారు. బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపుల ప్రకారం వాడుకకు 212 టి.ఎం.సి.లు. అందులో కర్ణాటకకు 138.99, ఆంధ్రప్రదేశ్‌కు 66.50, తెలంగాణకు 6.51. నీరు తగ్గిన ఏడు వాటాలూ ఆ నిష్పత్తిలోనే తగ్గుతాయి. పత్రికల్లో తగాదాలే వార్తలవుతాయి గాని, ఈ పట్టిక ఏటా తయారవుతూనే ఉంటుంది. స్నేహభావం వల్ల ఇది నడుస్తోందని నేననుకోను. కొలబద్ద ఒక్కటే కావడం, దాన్ని చదివేవారు ఏ ఒక్క రాష్ట్రానికీ చెందకపోవడం అసలు కారణాలు. దిగువన రాజోలిబండను దీనితో పోల్చవచ్చు. అక్కడ ఆనకట్టా, 143 కిలోమీటర్ల కాలువలో మొదటి 42 కిలోమీటర్ల పైచిలుకూ కర్ణాటకలో ఉన్నాయి. ఆయకట్టులో అధికభాగం తెలంగాణది. అటువంటి ఉమ్మడి బోర్డు లేక అక్కడ మరమ్మతు కూడా ఏళ్ళ తరబడి వివాదమైంది.

ఇక చేపల సంగతి. జలాశయంలోని మత్స్యసంపద కూడా బోర్డు పరిధిలోనిదే. చేపపిల్లల పెంపకం, మంచు కర్మాగారం, వలల తయారీ దాని పనుల్లో చేరాయి. నీటి గొడవల మధ్య ఈ మాట ఎవరికీ గుర్తుండదు. కాని చేపను చూసిన తీరు వేరు. జలాశయంలో ఆవిరైపోయే నీటికి సైతం 18 టి.ఎం.సి.ల లెక్క కట్టారు. చేప గుడ్లు పెట్టే రోజుల్లో మట్టం ఎంత ఉండాలన్న ప్రశ్నకు వాటాల్లో చోటు లేదు. కాలువలకు నీరు వదిలేకొద్దీ జలాశయం అంచులు ఎండుతాయి. నీటి మొక్కలను తిని బతికే హరగి అనే చేప ఒకప్పుడు ఈ నదిలో విరివిగా దొరికేది. నేడు అది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో ఒకటి. రైతుకు ఇంజనీర్ల ద్వారానైనా బోర్డులో గొంతు ఉంది. ఏ రాష్ట్రపు బెస్తకూ అది లేదు. ఉమ్మడి నిర్వహణలోని ఈ వెలితిని చరిత్రకారులు కూడా పట్టించుకోలేదు.

2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి, 33 గేట్లలో 19వది కొట్టుకుపోయింది. నిండు జలాశయాన్ని ఖాళీ చేయకుండానే, పారే నీటిలోకి స్టాప్‌లాగులు దింపి వారం రోజుల్లో ఆ ఖాళీని మూశారు. ఆ పనికి దారి చూపినవారు తెలుగు ఇంజనీరు కన్నయ్య నాయుడు. ఉక్కు పలకలు తయారైంది హోసపేట ప్రాంతపు కర్మాగారాల్లో. ఆ వారంలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న పక్కకు జరిగింది. పూడిక మాత్రం అలా వారంలో తీరేది కాదు. కట్టిననాడు 133 టి.ఎం.సి.లున్న నిల్వ సామర్థ్యం సుమారు 105కు పడిపోయింది. నవలి దగ్గర మరో జలాశయం కట్టాలని కర్ణాటక, ఎగువ కాలువకు సమాంతరంగా మరో కాలువ తవ్వాలని ఆంధ్రప్రదేశ్ ప్రతిపాదించాయి. రెండింటిలోనూ మాట్లాడుకున్నది పంట నీటి గురించే.

ఎడమ కాలువ వచ్చిన తర్వాత కోస్తా జిల్లాల నుంచి వెళ్ళి గంగావతి, సింధనూరు పరిసరాల్లో ‘క్యాంపులు’ వేసుకున్న రైతుల మనుమలు కొందరు ఈ పుటలు చదువుతూ ఉండవచ్చు. వారికి రెండు భాషలూ ఇంటివే. జలాశయం ఒడ్డున ఉన్న వృద్ధ బెస్తల దగ్గర కూర్చుని, చేపల పేర్లు, వలల పేర్లు, ఏ కార్తెలో ఏ చేప ఎదురెక్కేదో అడిగి రాసిపెట్టడం వారికి సాధ్యమైన పని. ఆనకట్టకు ముందరి నదిని చూసినవారు ఇప్పుడు చాలా తక్కువమంది మిగిలారు.